పోయిన పానము మరల వచ్చును
(అధ్యక్షోపన్యాసము)



వనపర్తిలో కూడిన ఈ క్రైస్తవ సాహిత్య సభకు నన్ను అధ్యక్షునిగా నిలిపిన మీ సౌజన్యమునకు నేను కృతజ్ఞుడను. ఒక వైపున కృష్ణా తుంగభద్రల నడిగడ్డలో విద్వద్గద్వాలయని పేరు వడసిన సంస్థానము, మరియొక వైపున పండితులను పోషించిన వనపర్తి సంస్థానము. తెలంగాణమున కవులు లేరన్న నిందకు 1934లో 'గోలకొండ కవుల సంచిక'తో, 354 మంది కవుల సాక్ష్యముతో, ప్రత్యుత్తర మిచ్చిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఇటిక్యాలపాడు ఈ సీమలోనిదే. ఒక మాట యొక్క తూకమును గూర్చి వాదింపదలచినవానికి ఇంతకన్న తగిన వేదిక దొరకదు.

దేహము, ప్రాణము, ఆత్మ, నిత్యజీవము అను విషయమున మీకు ప్రాథమిక పాఠములు చెప్పుట నా ఉద్దేశము కాదు. మనుష్యుడు దేహాత్మలని ద్విభాగవాదులును, దేహప్రాణాత్మలని త్రిభాగవాదులును చేయు వాదము మీరెరుగనిది కాదు. లవొదికయ అపొల్లినారిసు ఈ విభాగమునే ఆధారముగా గొని, క్రీస్తునందు మానవబుద్ధికి చోటులేదని చెప్పి, 381లో కాన్‌స్టాంటినోపులు సభచే త్రోసివేయబడిన చరిత్రయు మీకు విదితమే. 1928లో చైనా దేశీయుడైన వాచ్‌మన్ నీ ముగించిన మహాగ్రంథము త్రిభాగవాదమునకు మరల ఎంత బలమిచ్చినదో చెప్పనక్కరలేదు. నేను మోసికొని వచ్చినది వీటికన్న చిన్నది, నాకు మాత్రము వీటికన్న బరువైనది: తెలుగు బైబిలులో 'ఆత్మ' అను మాట చేసిన పనిని గూర్చిన తగవు. నలువదేండ్లుగా దీనిని విడువలేకున్నాను.

ముందు సాక్ష్యములను పరికింతము. గ్రీకున 'ప్సుఖే' అను మాట ఒక్కటి. దానిని మన అనువాదకులు మత్తయి 10:28లో 'ఆత్మ' అనిరి. అదే సువార్త 16వ అధ్యాయమున 'ప్రాణము' అనిరి. 1 థెస్సలొనీక 5:23లో 'జీవము' అనిరి. ఆ మాట నుండి పుట్టిన విశేషణమును 1 కొరింథీ 15:44లో 'ప్రకృతిసంబంధమైన' అని మార్చిరి. ఒక్క మాటకు నాలుగు ముఖములు! ఇందు 'ప్రకృతి' సాంఖ్యుల సొత్తు, 'ఆత్మ' వేదాంతుల సొత్తు. హెబ్రీ వైపు చూచినచో వింత ఇంకను పెరుగును. ఆదికాండము మొదటి అధ్యాయమున జలచరములకును పశువులకును చెప్పిన 'నెఫెష్ హయ్యా' అను మాటనే రెండవ అధ్యాయము 7వ వచనమున నరునికిని చెప్పిరి; తెలుగున మాత్రము పశువులు జీవము గలవి, నరుడు జీవాత్మ! ఆ 'జీవాత్మ' శబ్దమే యెహెజ్కేలు 37వ అధ్యాయమున ఎండిన యెముకలలోనికి వచ్చు 'రూఅహ్'కును వాడబడినది. ఊదబడిన ఊపిరియు, ఆ ఊపిరి వలన బ్రదికిన ప్రాణియు ఒక్కటే శబ్దమైనప్పుడు పాఠకుడు దేనిని పట్టుకొనవలెను?

అనువాదకులను దూషించుట నా తలంపు కాదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, దెగ్రాంజులు మొదలుకొని వారి వెనుక వచ్చినవారు పెక్కురును, నిఘంటువులు కొరవడిన దినములలో, దీపపు వెలుతురున, పండితుల సాయముతో పనిచేసిరి, సి. పి. బ్రౌను నిఘంటువు అచ్చుపడినది 1852లో గదా! 'ఆత్మ' శబ్దమునకును పూర్వము శ్వాసయను అర్థమే ఉన్నదని శాబ్దికులు చెప్పుదురు. కాని మాట ఒంటరిగా రాదు, తన చుట్టములను వెంటబెట్టుకొని వచ్చును. 'జీవాత్మ' అనగానే తెలుగువాని చెవికి 'పరమాత్మ' వినబడును. దేహము చినిగిన వస్త్రమనియు, ఆత్మకు పుట్టుకయు చావును లేవనియు తోచును. శతాబ్దముల చింతనలో పండిన ఆ దర్శనమునకు నేను నమస్కరింతును. అపొస్తలుల బోధ మాత్రము అది కాదు. వారు ప్రకటించినది ఆత్మ చావదని కాదు, చచ్చిన మనుష్యుడు లేచునని. విశ్వాసప్రమాణమున సంఘము ఒప్పుకొనునది శరీర పునరుత్థానమును, నిత్యజీవమును.

త్రిభాగవాద మిత్రులకు ఒక మాట. మన బైబిలు తరగతుల గోడలపై మూడు వలయముల పటములు వ్రేలాడుచున్నవి: వెలుపల దేహము, నడుమ ప్రాణము, లోపల ఆత్మ. దానిని దశాబ్దములుగా బోధించిన పెద్ద లొకరు నన్ను శరీరవాదియని వ్రాసిరి. వారి భక్తి యెడల నాకు గౌరవమే. పటమును మాత్రము ఒప్పుకొనజాలను. లూకా మొదటి అధ్యాయమున మరియ తన ప్రాణమును, తన ఆత్మను పేర్కొని పాడినది. ఒకే భావమును రెండు పాదములలో రెండు మాటలతో పలుకుట హెబ్రీ కవుల సంప్రదాయమని కవిత్వ మెరిగినవారికి చెప్పవలెనా? మార్కు 12:30లో హృదయము, ఆత్మ, వివేకము, బలము అని నాలుగున్నవి. అక్కడ నాలుగవ వలయమును గీయుదురా? మనుష్యుని పూర్ణముగ కాపాడుమని 1 థెస్సలొనీక 5:23లో పౌలు చేసిన ప్రార్థనను మనుష్యుని ముక్కలు చేయుటకు వాడుట న్యాయము కాదు. అతడు 1 కొరింథీ 15లో ఎదురెదురుగ నిలిపినది దేహమును ఆత్మను కాదు, రెండు విధములైన శరీరములను. విత్తబడునదియు శరీరమే, లేపబడునదియు శరీరమే.

ఇక నా ప్రాణపదమైన మాటకు వత్తును. ఈ పాలమూరు సీమలో జనము నోట ప్రాణము 'పానం'. జ్వరము వచ్చినవాడు 'పానం బాగలేదు' అనును. ఇక్కడ పానమనగా దేహము. చనిపోయినచో 'పానం పోయింది' అందురు, ఇక్కడ ఊపిరి. వలసపోయిన కొడుకును తలచుకొని తల్లి 'పానం గుంజుతున్నది' అనును. ఇక్కడ ఆశ, ప్రేమ. వాడు ఇల్లు చేరినప్పుడు 'పానం నిమ్మళమైంది' అనును, ఇక్కడ మనస్సు. దేహము, ఊపిరి, కోరిక, మనస్సు అన్నియు కలిసిన నిండు మనిషియే పానము. హెబ్రీ 'నెఫెష్' సరిగా ఇదియే! దానికి గొంతు అను అర్థము కలదు. 42వ కీర్తనలో అది దప్పిగొనును. సంఖ్యాకాండము 21వ అధ్యాయమున అన్నమును అసహ్యించుకొనును. 69వ కీర్తనలో నీళ్లు దానిదాక వచ్చును. దాహపడునది, అన్నము సహింపనిది, నీట మునుగునది వేదాంతుల ఆత్మ కాదు, పాలమూరు పానము. కీర్తనల అనువాదకులు పెక్కుచోట్ల 'ప్రాణము' అని సరిగనే వ్రాసిరి. ఆ తెలివిని ఆదికాండము నుండి ప్రకటన వరకు నిలుపుకొననందుకే నా విచారము. యోహాను 12:25ను చూడుడు: అక్కడ నిత్యజీవము కొరకు కాపాడబడునది ప్రాణమే. మన అనువాదమే అక్కడ సరియైన త్రోవ చూపినది. మనము ఆ త్రోవను పట్టలేదు.

ఇట్లు చెప్పినందుకు నన్ను ఆత్మనిద్రావాది యనిరి. ఒక సభలో నాకిచ్చిన ప్రసంగపీఠమును కడపటి క్షణమున వెనుకకు తీసికొనిరి. ఆ నింద కొత్తది కాదు. 1534లో యౌవనుడైన కాల్విను మొదట వ్రాసి 1542లో అచ్చువేయించిన 'సైకోపన్నిఖియా' అను గ్రంథము, మరణానంతరము ఆత్మ నిద్రించునన్న అనాబాప్తిస్తుల పైననే గదా ఎక్కుపెట్టబడినది! ఆ అనాబాప్తిస్తుల వంశవృక్షపు కొమ్మయే మన మెన్నోనైట్ బ్రదరన్ సంఘము. నా మాట స్పష్టముగ వినుడు: విశ్వాసి మరణించి ప్రభువుతో నుండునని ఫిలిప్పీ మొదటి అధ్యాయము చెప్పుచున్నది, నేను నమ్ముచున్నాను. కాని అది నిరీక్షణలో విశ్రాంతియే గాని ముగింపు కాదు. 1955లో హార్వర్డున ఆస్కార్ కుల్మన్ చేసిన ఉపన్యాసమును చదివినవారికి జ్ఞాపకముండును: సోక్రతీసు మరణమును మిత్రునివలె స్వీకరించెను, యేసు గెత్సేమనేలో వణకెను. మరణము శత్రువైనందుననే పునరుత్థానము సువార్త యైనది. ఆత్మ తనంతట తాను అమరమైనచో ఆదివారము తెల్లవారుజామున ఖాళీయైన సమాధితో మనకేమి పని?

నేనీ సత్యమును గ్రంథములలో మొదట నేర్వలేదు. శ్రీశైలపు ఆనకట్ట నీరు 1980ల ఆరంభమున కృష్ణ ఒడ్డు పల్లెలను ముంచినప్పుడు, ఇండ్లతోపాటు సమాధులును మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి తెచ్చి అలంపురమున మరల నిలిపిరి, మంచి పనియే. మా పల్లెల బొందలగడ్డలను విప్పి తెచ్చినవారు లేరు. ఒక సాయంకాలము ఆ నీటి యొడ్డున, అక్షరము రాని ఒక వృద్ధ బైబిలు స్త్రీని నేను, పండితుడనన్న గర్వముతో, "అవ్వా, నీ పెనిమిటి సమాధి నీళ్లపాలాయె, నీకు దుఃఖము లేదా?" అని అడిగితిని. ఆమె నావైపు తిరిగి, "పానం ఇచ్చినోడే మల్ల ఇస్తడు బిడ్డా. నీళ్లు ఎంత లోతుంటే ఏంది? ఎవరు ఏడున్నరో ఆయినకు తెల్వదా?" అనెను. సముద్రము తనలోని మృతులను అప్పగించునన్న ప్రకటన 20:13ను ఆమె ఎన్నడును చదివి యెరుగదు. 'ఆత్మ' అను మాట ఆమె నోట ఒక్కమారును రాలేదు.

ఈ జిల్లాల దళితవాడలలో సువార్త నిలిచిన కారణము దేహము లేచునన్న ఈ నిరీక్షణయే. 1885లో పాలమూరు చేరిన బాప్తిస్తు మిషనరీ ఎల్బర్టు చూట్, 1899లో హైదరాబాదునకు వచ్చిన ఎన్. ఎన్. హీబర్టు, నాగర్‌కర్నూలులో మిషనును స్థాపించిన బెర్గ్‌తోల్డు, 1937లో బాప్తిస్తుల చేతి నుండి గద్వాల మిషనును అందుకొన్నవారు, వీరందరును ప్రసంగించినది ఆత్మల రక్షణను గూర్చి. కాని 1907లో వచ్చిన వైద్యురాలు కథరీనా షెల్లెన్‌బర్గు 1945లో కన్నుమూయువరకు కడిగి కట్టినది దేహముల పుండ్లను. ఎవరి దేహమును తాకుట మైలయని ఊరు తలచెనో ఆ దేహమును ఆమె తాకెను. దేవుడు రేపు లేపదలచిన దేహమును నేడు అంటరానిదనువాడెవడు? పాలమూరు లేబరు పేరిట మేస్త్రీల వెంట దేశదేశముల కాలువలు త్రవ్వి, ఆనకట్టలు కట్టి, అక్కడనే రాలిపోయిన కూలి దేహమునకును ఒక ఉదయము కలదని చెప్పుటకన్న పెద్ద సువార్త నాకు తెలియదు. శంషాబాదులో 1932లో పుట్టిన పాల్ హీబర్టు, చదువురాని పాపయ్య యను ఊహాపురుషుడు ఎంత తెలిసికొనిన క్రైస్తవు డగునని 1978లో ప్రశ్నించి పండితలోకమును కదిలించెను. నేనందుకు ఒక ప్రశ్నను చేర్చుదును: పాపయ్యకు ముందే తెలిసిన 'పానము'ను మనమెందుకు వినలేదు?

నేడు మన సమాధి కూడికలలో 'ఆత్మకు శాంతి కలుగుగాక' అను మాటయే గోడపత్రికల మీద, పూలదండల మీద కనబడుచున్నది. 'ప్రభువునందు నిద్రించెను' అను పాతమాట, లేచుదినమును తనలో దాచుకొన్న మాట, సన్నగిల్లుచున్నది. మాట పోయినచో నిరీక్షణయు పోవును.

కావున సభవారికి నా విన్నపములు మూడు. నెఫెష్, రూఅహ్, ప్సుఖే, రూఅహ్‌కు గ్రీకుసాటియైన న్యూమా అను నాలుగు మాటలు తెలుగు బైబిలులో ఎక్కడెక్కడ ఏ యే మాటలైనవో చూపు సంపూర్ణ పదసూచిక ఒకటి సిద్ధము కావలెను. ఇంగ్లీషు సూచికల నాధారము చేసికొని తెలుగు వేదశాస్త్రము వ్రాయు అలవాటు ఇకనైన మానవలెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెలలో పానమును గూర్చిన పలుకుబళ్లను, బొందలగడ్డ యొద్ద పాడు పాటలను, ముసలి బైబిలు స్త్రీల ప్రార్థనలను ఊరూరు తిరిగి వ్రాసికొనవలెను. మన కాపరులు సమాధి యొద్ద నిలిచినప్పుడు శరీర పునరుత్థానమను మాటను గొంతెత్తి పలుకవలెను.

మొదటి పనికి పది సంవత్సరములు పట్టినను ఫరవాలేదు. రెండవదానికి అంత గడువు లేదు. నీటి యొడ్డున నాతో మాటలాడిన ఆ అవ్వ వెళ్లిపోయినది. ఆమె పాడిన పాటలను నేను వ్రాసికొనలేదు. యువకులారా, మీ పల్లెలలో అటువంటి అవ్వలు ఇంకను కొందరున్నారు. ఈ సభ ముగిసి ఇంటికి పోవుచు, దారిలో ఒక్కరి గుమ్మము ముందరనైన ఆగుడు.