నోటిపుండు – మూత్రపిండము



ప్రత్తికిని, మిరపకును, పొగాకునకును పేరుపడిన సీమ మనది. గొడ్డుకారముతో అన్నము కలుపుకొని తిన్నను కంట నీరు రానివారు మనలో ఎందఱో కలరు. అట్టివానికి ఒకనాడు పచ్చడిమెతుకు నోట పెట్టగనే భగ్గున మండినచో, మిరపకాయను తిట్టుకొనును. మా పెదతండ్రిగారును అట్లే తిట్టిరి. ఆయన బుగ్గలో పొగాకు కాడ ముప్పది యేండ్లు నిలిచినది. అచ్చట తెల్లని మచ్చయు, దానిపై చిన్న పుండును లేచినవి. వేడిచేసినదని నెలల తరబడి మజ్జిగ త్రాగిరి, వెన్న రాచికొనిరి. వైద్యుని యొద్దకు పోవునప్పటికి మెడలో బిళ్ల కట్టినది.

అది క్యాన్సరు. పొగాకు పండించిన ఇంటివాడనే నేనును. కావున ఈ మాట చెప్పుటకు సిగ్గుగనే యున్నది. పొగాకు లేక ఉత్త వక్క నమలువారికిని దవడలు బిగిసి, మూడువ్రేళ్లు పట్టునంతయైన నోరు తెఱచుకొనదు. అదియు ఈ రోగమునకు దారియే.

నోటి క్యాన్సరు సాధారణముగా మొదట మెడబిళ్లలకు ప్రాకును. దాని కణములు రక్తమున కలిసినచో గుండె ద్వారమున ఊపిరితిత్తులకు చేరును. దూరావయవములలో తఱచుగా దెబ్బతినునవి అవియే; తరువాత ఎముకలు, కాలేయము. మూత్రపిండమునకు ప్రాకుట మిక్కిలి అరుదు. ఇది వింతయే. గుండె పంపు రక్తములో ఇంచుమించు అయిదవవంతు మూత్రపిండములకే పోవును గదా! విత్తు ఎంత చల్లినను నేల ఒప్పుకొనవలెనని ప్రత్తిరైతునకు నేను చెప్పనక్కఱలేదు. 1889లో స్టీఫెన్ పేజెట్ అను ఆంగ్ల వైద్యుడు క్యాన్సరు వ్యాప్తికి ఈ పోలికనే చెప్పెను.

అరుదైనను అసలే లేకపోలేదు. మూత్రపిండమున చేరినది పెక్కుసార్లు నొప్పియైన పుట్టింపక దాగియుండును. ఒక్కొక్కప్పుడు మూత్రమున నెత్తురు కనబడును. నెత్తురు రాళ్లవలనను పడవచ్చును, హడలనక్కఱలేదు. కాని మునుపు నోటికి చికిత్స పొందినవాడు ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. “అది నోటిది, ఇది నడుముది” అని దాచరాదు.

మా పెదతండ్రిగారికి శస్త్రచికిత్స జరిగినది. రెండేండ్లకు రోగము ఊపిరితిత్తులలో తేలినది. ఆయన దక్కలేదు.

నోటిలో పుండు రెండు వారములలో మానకున్నను, తెల్లనిదో ఎఱ్ఱనిదో మచ్చ నిలిచియున్నను, ఎప్పుడును బాధింపని కారము మండింపసాగినను వైద్యునకు చూపుడు. గుంటూరు ప్రభుత్వ వైద్యశాలలో నాట్కో ట్రస్టువారు కట్టించిన క్యాన్సరు విభాగము కలదు.

మొన్న పండుగనాడు మా అన్నగారిని, అనగా ఆ పెదతండ్రిగారి కుమారుని, వాకిట ఎండలో కూర్చుండబెట్టి నోరు తెఱపించి చూచితిని. ఎడమబుగ్గలో గోరంత మచ్చ యున్నది. ఆయన మిరపకాయ మాటయే ఎత్తిరి. సోమవారము ఇద్దఱమును గుంటూరు పోవుచున్నాము.