కుళాయి నీళ్లు ఎర్రగా ఎందుకొస్తాయి?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దున్నే కుళాయి తిప్పుతాం. ఒక్కోరోజు నీళ్లు ఎర్రగా వస్తాయి. ఒక్కోరోజు నల్లగా, మడ్డిగా వస్తాయి. బిందె పారబోసి మళ్లీ పడతాం. అంతలో నీళ్లు కట్టేస్తారు. ఈ మడ్డి ఎక్కడిది?

ట్యాంకు నుంచి మన వీధి దాకా భూమిలో గొట్టాలున్నాయి. నీళ్లతోపాటు సన్నటి మట్టి వస్తుంది. కొన్ని ఊళ్ల నీళ్లలో ఇనుము, మాంగనీసు కూడా ఉంటాయి. ఇనుప గొట్టమైతే లోపల తుప్పు పడుతుంది. నీళ్లు మెల్లగా పారేచోట ఇవన్నీ అడుగున పేరుకుంటాయి. వీధి చివర, గొట్టం ఆగిపోయే చోట మరీ ఎక్కువ.

చెరువును చూడండి. వాననీరు జోరుగా వచ్చిపడితే అడుగున ఉన్న ఒండ్రు లేస్తుంది. గొట్టంలోనూ అంతే. పగిలిన గొట్టం బాగుచేసి నీళ్లు వదిలినప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి. మడ్డి కదిలి మన బిందెలోకి వస్తుంది.

మరేం చేయాలి? గొట్టాలు కడగాలి. ఎలాగంటే:

1. ముందురోజే ఊళ్లో చాటింపు వేయాలి. అందరం నీళ్లు పట్టి ఉంచుకోవాలి.
2. ముందు ట్యాంకు కడగాలి. తర్వాత నిండా నింపాలి.
3. ఒక్కో వీధి గొట్టాన్నే కడగాలి. మిగతా వీధుల వాల్వులు కట్టేయాలి. అప్పుడే నీళ్లకు జోరు వస్తుంది. సన్నధారకు మడ్డి కదలదు.
4. ట్యాంకు దగ్గరి వీధితో మొదలుపెట్టి చివరి వీధికి పోవాలి.
5. గొట్టం చివరి వాల్వు తెరవాలి. గాజుగ్లాసులో పట్టి చూస్తే నీళ్లు తేటగా కనిపించేదాకా వదలాలి.
6. వాల్వు మెల్లగా కట్టాలి. టక్కున కడితే గొట్టం అదిరి పగలొచ్చు.

"మనకే నీళ్లు చాలవు, పారబోస్తారా?" అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. కానీ లెక్క చూడండి. వంద ఇళ్లలో రోజూ ఒక్కో బిందె పారబోస్తే రోజుకు వంద బిందెలు! గొట్టం కడగటం ఎప్పుడో ఒకసారి. ఆ నీళ్లను చెట్లకు మళ్లించవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. తుప్పునీళ్లు బట్టలకు మరక చేస్తాయి. అంతకన్నా ప్రమాదం మురుగు కలిసిన నీళ్లు. కొన్నిచోట్ల గొట్టం మురుగుకాలవ పక్కనే పోతుంది. నీళ్లు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. చిల్లు ఉంటే మురుగు లోపలికి పోతుంది. కుళాయికి మోటారు బిగించి లాగితే ఇంకా పోతుంది. గుంట తవ్వి కుళాయి పెట్టుకుంటే గుంటలోని నీళ్లు కూడా వెనక్కి పోతాయి. వాసన వస్తే ఆ నీళ్లు తాగకండి. వెంటనే పంచాయతీకి చెప్పండి. పటిక వేస్తే మడ్డి దిగుతుంది గానీ క్రిములు చావవు. అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు బాగా తెర్లేలా కాచి తాగాలి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఎంత తిప్పలో మనకు తెలీదా?

కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఊరూరా అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని 2019లో మొదలైన జల జీవన్ మిషన్‌లో పెట్టారు. మన ఊళ్లో ఎవరు నేర్చుకున్నారో అడగండి. ఎవరూ లేకపోతే మీరే ముందుకు రండి.

ఇప్పుడు మనకు రాయటం వచ్చు. ఒకరిచేత రాయించుకోనక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలు మీ చేత్తో రాయండి:

"సర్పంచ్ గారికి, మా వీధి కుళాయిలో మడ్డినీళ్లు వస్తున్నాయి. గొట్టం కడిగించండి. గొట్టం చివర వాల్వు లేకపోతే పెట్టించండి. ఏ రోజు కడుగుతారో ముందుగా చెప్పండి."

కింద అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్రలు కాదు, సంతకాలు. గ్రామసభలో ఇచ్చి, చదివి వినిపించండి. పని అయ్యేదాకా వదలకండి.

సెలవు.