ఏడు వందల ఏడు అంకెల కథ



వృత్తపరిధిని వ్యాసముచే భాగింపగా వచ్చు సంఖ్యకు ‘పై’ అని పేరు. 22/7 అని బడిలో వల్లించి, పరీక్ష గట్టెక్కి, దానిని మరచినవారే ఈ సభలో ఎక్కువమంది యుందురు. నిజమునకు 22/7 రెండు దశాంశములవరకే సరిపోవును. పిల్లలకు ఇంతకన్న మంచి ఉపాయమొకటి కలదు. 1, 3, 5 అను అంకెలను రెండేసి సార్లు వరుసగా వ్రాసినచో 113355 అగును. దానిని నడిమికి విరిచి, వెనుక సగమును ముందు సగముచే భాగింపవలెను. 355/113 ఆరు దశాంశములవరకు తప్పదు. చీనా గణితవేత్త జూ చోంగ్‌జీ అయిదవ శతాబ్దిలోనే దీని నెరుగును. మన ఆర్యభటుడు 499లో, వ్యాసము 20,000 అయినచో పరిధి 62,832 అని చెప్పి, అది ‘ఆసన్నము’, అనగా దగ్గరిది మాత్రమే యని జాగ్రత్తపడెను. ఆ ఒక్క మాటలో ఎంత వివేకము కలదో తరువాతి కథ వలన తెలియగలదు.

ఇంగ్లండులో డర్హాము ప్రాంతమున విలియం షాంక్సు అను నాతడు వసతి పాఠశాల నడుపుచుండెను. ఆయనకు పై అంకెలను లెక్కించుటయే వ్యసనము. కలము, కాగితము తప్ప వేరు సాధనము లేదు. 1853లో 607 దశాంశములను ప్రకటించి, అంతటితో తృప్తి నొందక 1873 నాటికి వానిని 707కు పెంచెను. ఆ కాలమున అంత దూరము పోయినవారు మరెవ్వరును లేరు. అందుచేత ఆయన లెక్కను సరిచూచినవారును లేరు. గుమాస్తా వేసిన కూడికపై పై అధికారి కన్ను వేయక సంతకము చేసిన చందమున, లోకమంతయు దానిని ఒప్పుకొనెను.

ఒక్కనికి మాత్రము అనుమానము తగిలెను. ఆగస్టస్ డి మోర్గాన్ అను గణితాచార్యుడు షాంక్సు ఇచ్చిన మొదటి 608 అంకెలను విడివిడిగా లెక్కపెట్టెను. ఒక్కొక్క అంకె ఇంచుమించు 61 సార్లు రావలసియుండగా, 7 మాత్రము 44 సార్లే వచ్చినది. మిగిలినవానిలో ఏదియు 56కు తగ్గలేదు. ఏడు చేసిన పాపమేమి? ఆయన ఆశ్చర్యపడెనే కాని లెక్కను తిరిగి చేయలేదు. ఎట్లు చేయును? అది ఏండ్ల తరబడి పని.

షాంక్సు 1882లో కన్నుమూసెను. పై ఏ బీజగణిత సమీకరణమునకును లొంగని సంఖ్యయని లిండెమన్ అను జర్మను పండితుడు నిరూపించినది కూడ ఆ యేడే. 1937లో పారిసు నగరమున విజ్ఞాన ప్రదర్శనశాల కట్టినప్పుడు, ఒక గుండ్రని గదిలో గోడచుట్టును ఈ 707 అంకెలను అలంకారముగా నిలిపిరి. తరువాత ఫెర్గూసన్ అను ఆంగ్లేయుడు వేరొక సూత్రము చేపట్టి, బల్లపై నుంచు లెక్కల యంత్రముతో తిరిగి గణించెను. 1946 నాటికి గుట్టు బయటపడెను. 528వ దశాంశము మొదలుకొని షాంక్సు అంకెలు తప్పు! పై పుట మొత్తమును క్రింది పుటకు తెచ్చుకొను పద్దులలో ఒకచోట అంకె జారినచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. చివరి 180 స్థానముల శ్రమ వ్యర్థమైనది. పారిసు గోడపై అంకెలను 1949లో దిద్దిరి. ఆ యేడే అమెరికాలో ఎనియాక్ యంత్రము సుమారు 70 గంటలలో 2,037 స్థానములను తేల్చెను.

మరి ఏడుల మాట? తప్పును పట్టియిచ్చినది ఆ అంకెయే యని కథ ముగించిన రక్తికట్టును గాని, అది న్యాయము కాదు. సరియైన అంకెలలో సైతము మొదటి 500 దశాంశములలో 7 వచ్చునది 36 సార్లే. వేయి స్థానములు చేరుసరికి 95 అయి, తక్కినవానితో ఇంచుమించు సమానమగును. డి మోర్గాన్ అనుమానము నిజమైనదే, ఆధారము మాత్రము బలహీనము. 2022లో నూరు లక్షల కోట్ల స్థానములవరకు గణించిరి. అయినను పది అంకెలును చివరకు సమానముగా వచ్చునని నిరూపించినవారు నేటికిని లేరు.

ఇక ఇంటికి తీసుకొనిపోదగిన వినోదములు. 3.14159265358979323846 అని వ్రాసి, చుక్క తరువాతి ఇరువది అంకెలను పిల్లలచే కూడింపుడు. మొత్తము సరిగా నూరు. సున్న మొదటిసారి కనబడుటకు 32వ దశాంశమువరకు వేచియుండవలెను. 762వ స్థానము వద్ద ఆరు తొమ్మిదులు వరుసగా నిలిచియుండును. షాంక్సు తప్పక గణించి, మరికొంత దూరము నడిచినచో ఆ ముచ్చట ఆయనకే దక్కెడిది.

చివరిది మన వాడొకని సొత్తు. 1912లో మదరాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజన్, 1914లో అచ్చయిన వ్యాసమున దీనిని చూపెను. 1234 అని వ్రాసి, మొదటి రెండంకెలను, చివరి రెండంకెలను తారుమారు చేసిన 2143 అగును. దానిని 22చే భాగించి, వర్గమూలము తీసి, వచ్చినదానికి మరల వర్గమూలము తీయవలెను. ఎనిమిది దశాంశములవరకు పై యే వచ్చును. తొమ్మిదవ స్థానమున 3కు బదులు 2 కనబడును. ఆదివారము నాడు తీరికగా కాగితముపై చేసి చూడుడు.