చదరంగయంత్రము – దాని చూపుమేర



చదరంగమాడు కంప్యూటరు మానవుని గెలిచెననఁగానే దానికి బుద్ధి గలదని భ్రమపడువారు పెక్కురు. దానికిఁ గలది గణితము. ‘నేనీ యెత్తు వేసిన నెదిరి యేమి వేయును? పిదప నేనేమి వేయుదును?’ అని శాఖోపశాఖలుగా లెక్కించుచుఁ బోవును. శాఖ లపారములు గనుక నెచ్చటనో లెక్క నాపక తప్పదు. ఆపినచోటఁ దన మంత్రి యెదిరి బంటును జంపియుండిన లాభమని యెంచును. మఱుసటి యెత్తున నా మంత్రియే చచ్చుట దానికిఁ గానరాదు. తప్పని నష్టమును సైతము బంట్లను బలియిచ్చి చూపుమేర కావలికిఁ ద్రోసి, తొలఁగెనని తలంచును. వాయిదా వేసిన ఋణము తీఱెననుకొనువాని చందమిది. చంపుడెత్తులు సద్దుమణఁగు దాఁక లెక్క నాపరాదని నిపుణులు నియమించిరి. దానిచే దోషము తగ్గెనే కాని సమసిపోలేదు.

1997 మే నెలలో న్యూయార్కున డీప్ బ్లూ అను యంత్రము జగజ్జేత కాస్పరోవుతో నాఱాటలాడెను. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను బరిశీలింపఁగల యా యంత్రము తొలియాటలో 44వ యెత్తున నేనుఁగును వ్యర్థముగాఁ గదపి, యా యాట నోడెను. అది గూఢవ్యూహము గాదనియు, ఆదేశములలోని దోషమనియు నిర్మాతలలో నొకరగు మర్రే కాంప్‌బెల్ తరువాతఁ దెలిపెను. నిర్మాతలు దానిని సరిదిద్దిరి. కడకు యంత్రమే మూఁడున్నర రెండున్నరలుగా గెలిచెను.

తన తప్పును యంత్రము తానెఱుఁగలేదు. ఎఱిఁగి దిద్దినవారు మనుష్యులు. కావున లెక్కను యంత్రమునకు విడిచినను, తప్పొప్పుల విచారణము మనయొద్దనే యుంచుకొనవలయును.