చికాగో నుంచి తెనాలికి 48 గంటలు

ఎజెండాలో నా అంశం "హైదరాబాదుకు డైరెక్ట్ ఫ్లైట్" అని వేశారు. ఎవరు మంత్రి వచ్చినా మనం చేతిలో పెట్టే వినతిపత్రంలో అది మొదటి కోరిక. నేను కూడా సంతకం పెట్టినవాణ్ణే. అయితే 2023 డిసెంబరులో మా నాన్నగారు పోయాక ఒకసారి లెక్క వేసి చూసుకున్నాను. అదే మీ ముందు పెడతాను.

చికాగో నుంచి శంషాబాదుకు దగ్గరి దారి సుమారు 13,300 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం లాగి చూడండి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 14,200. అంటే చుట్టు తిరిగేది 900 కిలోమీటర్లే, విమానానికి గంట ప్రయాణం!

మరి నాకు 48 గంటలు ఎందుకు పట్టింది? మంగళవారం రాత్రి రెండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. సీటు దొరికింది ఆ సాయంత్రం ఎనిమిదిన్నరకి. దుబాయ్‌కి పదమూడున్నర గంటలు, అక్కడ అయిదు గంటల పడిగాపులు, హైదరాబాదుకు మూడున్నర. ఇమిగ్రేషన్, సామాను గంటన్నర. గన్నవరం విమానంలో సీటు లేదు, కారులో తెనాలికి ఆరు గంటలు. గాలిలో ఉన్నది 17 గంటలు, మిగతా 31 గంటలు నేల మీదే.

నాన్నను ఫ్రీజర్ బాక్సులో పెట్టి బుధవారం సాయంత్రం దాకా ఆపారు. ఇంక ఆపకూడదన్నారు పెద్దలు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. అప్పుడు నేనింకా ఆకాశంలో ఉన్నాను.

డైరెక్ట్ ఫ్లైట్ ఉంటే ఆరేడు గంటలు కలిసొచ్చేవి. కాదనను. కానీ 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగో నుంచి హైదరాబాదుకు నేరుగా నడిపింది, వారానికి ఒక్కసారి. తర్వాత అదీ ఆగిపోయింది. చావు బుధవారం చూసుకుని రాదు కదండీ! అంత దూరం పోవాలంటే ముందు మోసుకెళ్ళే ఇంధనం బరువుకే బోలెడు ఇంధనం తగలబడుతుంది. సీట్లు, ముఖ్యంగా బిజినెస్ క్లాసు, రోజూ నిండకపోతే ఏ కంపెనీ అయినా ఎన్నాళ్ళు నడుపుతుంది?

కాబట్టి వినతిపత్రంలో రెండో కోరిక చేర్చమంటాను. తెల్లవారుజామున శంషాబాదులో దిగినవాడికి అదే టికెట్టు మీద గన్నవరం, విశాఖ, తిరుపతి విమానాలు అందాలి. ఇది అడిగితే అయ్యే పని.

ఇంకొకటి, ఇది ఎవరినీ అడగక్కర్లేదు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, అమెరికా పాస్‌పోర్టు. వాడికి ఓసీఐ చేయించడం ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రి వీసా లేక వాడు ఓ'హేర్‌లో నన్ను దింపి వెనక్కి వెళ్ళిపోయాడు. తాతగారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లాడు.

వెనక వరుసలో మన వాలంటీర్లు ఇద్దరు ల్యాప్‌టాప్‌లతో కూర్చున్నారు. ఓసీఐ లేని పిల్లలున్నవాళ్ళు భోజనానికి వెళ్ళే ముందు అక్కడ దరఖాస్తు మొదలుపెట్టండి. భోజనం ఎలాగూ అరగంట ఆలస్యమే.