ప్లాటు చూపించే ముందు మనిషిని చూడాలి
(దుండిగల్ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అవుటర్ రింగ్ రోడ్డు వచ్చాక మన దుండిగల్ వైపు ప్లాట్లు కొనాలనే వారు ఎక్కువయ్యారు. కుర్రవాళ్లు వచ్చి "ఎక్కడ కొనమంటారు సార్?" అని నన్ను అడుగుతుంటారు. నేను వెంటనే ప్లాటు చూపించను. ముందు అడిగిన మనిషిని చూస్తాను. ఈ పద్ధతి నాకు నేర్పినవారు ఒక విశ్రాంత సర్వేయరు గారు.

2008లో రిటైరై, గ్రాట్యుటీ సొమ్ముతో ఆయన వద్దకు వెళ్లాను. "ముప్ఫై ఏళ్ల ఇ.సి. తీయించి చదవండి. అందులో లేనిదేమిటో వచ్చి చెప్పండి" అన్నారు. జీవితమంతా ఫైళ్లు చూసిన గుమాస్తాకు పరీక్షా అని నాకు కోపం వచ్చింది. ఆయనతో చెప్పకుండానే, రంగుల బ్రోచరు చూసి ఒకచోట యాభై వేలు బయానా ఇచ్చాను. ఇ.సి.లో ఏ చిక్కూ లేదు. తీరా పహాణీ తీయిస్తే అది పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి! 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ఇ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి గాని భూమి పుట్టుక కనిపించదు. బయానా తిరిగి రాలేదు.

తలవంచుకుని మళ్లీ వెళితే, "అందరి ఫైళ్లూ చదివారు, మీ ఫైలే చదవలేదు" అని ఒక్క మాట అని, అప్పుడు నేర్పడం మొదలుపెట్టారు.

నేను చూసేవి మూడు. మొదటిది, తెలియనిది తెలియదని ఒప్పుకుంటాడా? రెండవది, కాళ్లరిగేలా తిరుగుతాడా? లింకు డాక్యుమెంట్లు, పహాణీ, నిషేధిత భూముల జాబితా, హెచ్.ఎం.డి.ఎ. అనుమతి, రెరా నంబరు స్వయంగా సరిచూస్తాడా? వానాకాలంలో వెళ్లి నీరెక్కడ నిలుస్తుందో చూస్తాడా? మూడవది, ఆ సొమ్ము ఎవరిది? పదేళ్లు ముట్టుకోకపోయినా ఇల్లు గడుస్తుందా?

మొన్న మన సభ్యులొకరి కుమారుడు తండ్రిగారి రిటైర్‌మెంటు డబ్బు పట్టుకొని వచ్చాడు. "వచ్చే వారం గజం రేటు పెంచుతారట, రేపే అగ్రిమెంటు రాసుకుంటాను" అన్నాడు. "మీ నాన్నగారి మందులకు ఎంత ఉంచావు బాబూ?" అన్నాను. జవాబు లేదు. "ఇ.సి., పహాణీ తీసుకుని, నాన్నగారిని వెంటబెట్టుకుని రా" అని పంపాను. ఇంకా రాలేదు. కోపం వచ్చి ఉంటుంది. ఆనాడు నాకూ వచ్చింది కదా! అందుకే ఎదురుచూస్తున్నాను.

మీ పిల్లల్నీ పంపండి. కాగితాలతో పంపండి. సెలవు.