కప్పు గీయాలంటే ముందు కప్పు తెలియాలి
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టళ్ళలో పనిచేసే మమ్మల్ని టెన్త్ అయిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, కంప్యూటర్లో ఇళ్ళు గీసే పని నేర్చుకోవాలంటే ఏం చదవాలి?" దానికి జవాబు చివర్లో చెబుతాం. ముందు ఆ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం గురించి మాట్లాడుకుందాం. అదే ఇంటి కప్పు.

గోడ గీయడం సులువు. సిమెంటు మిద్దె గీయడం ఇంకా సులువు. వాలు కప్పు దగ్గరే అందరూ ఆగిపోతారు. మన అవ్వాతాతలు కట్టుకున్న చుట్టుగుడిసెనే తీసుకుందాం. లెక్కల పుస్తకంలో దాని కప్పు పేరు శంకువు. నడుమ నుంచి గోడ దాకా 6 అడుగులు, గోడ మీద నుంచి కొప్పు దాకా ఎత్తు 8 అడుగులు అనుకోండి. పైథాగరస్ సూత్రం వేస్తే వాసం పొడవు 10 అడుగులు వస్తుంది. వాన గోడకు కొట్టకుండా చూరును అడుగున్నర బయటికి దించితే, వాసం ఇంకో రెండున్నర అడుగులు పెరిగి పన్నెండున్నర అవుతుంది. ఆ అడుగున్నరలో చూరు 2 అడుగులు కిందికి దిగుతుంది. గోడ 5 అడుగులుంటే చూరు నేలకు 3 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ గుడిసెలోకి తల వంచుకుని ఎందుకు దూరాలో ఈ లెక్కే చెబుతుంది.

దీన్ని హాస్టల్లో ముందు అట్టముక్కతో చేయిస్తాం. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులో 144 డిగ్రీల ముక్క కోసి పక్కన పెట్టాలి. మిగిలిన 216 డిగ్రీల అట్టను చుట్టి అంచులు కలిపితే 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కప్పు తయారవుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. స్కెచ్‌అప్‌లో నేల మీద ఒక వృత్తం, దాని నడుమ నిలువుగా ఒక త్రిభుజం గీసి, ఫాలో మీ అనే పనిముట్టుతో ఆ త్రిభుజాన్ని వృత్తం చుట్టూ తిప్పితే కప్పు వచ్చేస్తుంది. అయితే వచ్చింది పైతోలు మాత్రమే. స్కెచ్‌అప్ వృత్తం నిజానికి 24 చిన్న గీతల వరస. గుండ్రం బాగా రావాలంటే ఆ సంఖ్య పెంచుకోవాలి.

తర్వాత వాసాలు పెట్టాలి. ఒక వాసం గీసి, రొటేట్‌లో నకలు తీస్తూ 15 డిగ్రీలని ఇచ్చి, 23 అని దాని పక్కన ఎక్స్ కొడితే 24 వాసాలు నిలబడతాయి. చూరు దగ్గర చుట్టుకొలత దాదాపు 47 అడుగులు కాబట్టి అక్కడ వాసానికీ వాసానికీ నడుమ సుమారు 2 అడుగులు వస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

ఆ ముచ్చట చూసి మోసపోకండి. కొప్పు దగ్గరికి వెళ్ళి చూడండి. 24 కర్రలూ ఒకదానిలో ఒకటి దూరిపోయి ఉంటాయి. కంప్యూటర్ దానికి ఒప్పుకుంటుంది, కర్ర ఒప్పుకోదు. ఒక్కో కర్ర 3 అంగుళాల లావుంటే, నడుమకు ఇంకా అడుగు దూరం ఉండగానే అవి ఒకదానికొకటి తగులుకుంటాయి. మరి ఏం చేయాలి? కొన్ని వాసాలనే కొప్పు దాకా పోనిచ్చి, మిగతావి కింద చుట్టూ కట్టిన అడ్డకర్రల దగ్గర ఆపాలి. ఏది పైదాకా పోవాలి, ఏది ఆగాలి అన్నది ఏ మెనూలోనూ దొరకదు. గుడిసె కట్టిన తాతను అడగండి, చేత్తో చూపిస్తాడు.

ఇప్పుడు ఆ గుడిసె ముందు తల వంచకుండా నడిచేలా ఒక వసారా దించాలనుకోండి. గుండ్రటి కప్పుకు రెండు వాలుల కప్పు వచ్చి కలుస్తుంది. ఇంటర్‌సెక్ట్ ఫేసెస్ నొక్కితే రెండూ కలిసే గీతను కంప్యూటర్ గీసి ఇస్తుంది. ఆ గీత మీదికి రెండు కప్పుల నీళ్ళూ చేరతాయి. ఆ మూల వాలు పక్కనున్న కప్పుల వాలు కంటే తక్కువ కూడా. అందుకే తాటాకు ముందుగా అక్కడే కుళ్ళుతుంది. మండువా ఇంటి పెంకు కప్పులో కూడా నీళ్ళు ముందు కారేది అలాంటి లోపలి మూలల్లోనే. గీత గీసేది కంప్యూటర్, నీళ్ళకు దారి చూపించాల్సింది మీరు.

నాలుగు వాలుల కప్పుకూ ఇలాంటి మెలికే ఉంది. 12 అడుగుల వెడల్పు ఇంటికి 6 అడుగుల ఎత్తున కప్పు లేపితే మామూలు వాసం ఎనిమిదిన్నర అడుగులు సరిపోతుంది. మూలవాసం మాత్రం 10 అడుగుల 5 అంగుళాలు కావాలి. ఒకే కొలతకు కర్రలన్నీ కోయించారంటే నాలుగు మూలలూ అందవు.

ఇది పల్లెటూరి కష్టం అనుకోకండి. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపేరా హౌస్ గీసిన యోర్న్ ఉట్జన్ 1957లో పోటీ గెలిచారు. తెరచాపల్లాంటి ఆ కప్పులను ఎలా కట్టాలో తేలడానికి 1961 దాకా పట్టింది. అన్ని కప్పులనూ సుమారు 75 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒకే గోళంలోంచి కోసిన ముక్కలుగా అనుకున్నాక పని దారిలో పడింది. 1973లో ఆ భవనం తెరుచుకుంది. ఎంత చిక్కు కప్పయినా లోపల ఒక సాదా ఆకారం దొరికితే లొంగుతుంది.

గుడిసెల్లోనే ఉండిపొమ్మని మేము చెప్పడం లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మీ ఇళ్ళలో విని ఉంటారు. గట్టి ఇల్లు మన హక్కు. కానీ ఆ ఇల్లు గీసే బల్ల దగ్గర మనవాళ్ళు లేకపోతే తీరం పొడవునా ఒకటే పెట్టె, ఒకటే మిద్దె వస్తాయి. ఎండకు కూర్చునే చూరు ఉండదు, వలలు చేరేసే వసారా ఉండదు. గాలి కప్పును పైకి లేపుతుంది కాబట్టి కప్పును వాసానికి, వాసాన్ని గోడకు, గోడను పునాదికి కట్టి పట్టుకోవాలని మన పెద్దలకు తెలుసు. ఆ తెలివిని కాంక్రీటు ఇంటికి, ఇనుప కప్పుకు తీసుకెళ్ళగలిగేది మీరే.

వెన్నెలకంటి రాఘవయ్య గారు మన బతుకుల మీద రాసిన 'ది యానాదీస్' 1962లో అచ్చయింది. మాటల్లో రాసి పెట్టడం ఆ తరం చేసిన పని. కొలతలతో గీసి పెట్టడం మీ తరం పని. శ్రీహరికోట దీవిలో మనవాళ్ళ గూడేలుండేవి. ఇప్పుడు అక్కడ రాకెట్ కేంద్రం ఉంది. లేకుండా పోయిన గుడిసెను టేపు పెట్టి కొలవలేం. మిగిలినవాటినైనా ఈ సెలవుల్లో కొలవండి. నడుమ నుంచి గోడకు, గోడ నుంచి చూరుకు, నేల నుంచి కొప్పుకు ఎంతుందో, వాసాలెన్నో, అందులో పైదాకా పోయినవెన్నో రాసుకోండి. కట్టిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి కట్టు పేరూ అడగండి. ఆయన చెప్పిన మాటే రాయండి, పుస్తకం మాట వద్దు.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. టెన్త్ తర్వాత ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ళ కోర్సు ఉంది. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో సివిల్ చదవొచ్చు. ఇంటర్లో లెక్కలు తీసుకున్నవాళ్ళు ఐదేళ్ళ ఆర్కిటెక్చర్ వైపు చూడండి. విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాయాలి. బ్లెండర్, ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం. స్కెచ్‌అప్‌కు బ్రౌజర్లో నడిచే ఉచిత రూపం ఉంది. ఖరీదైన రెవిట్‌ను కూడా అర్హత ఉన్న కాలేజీల విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తారు.

కప్పు కట్టిన చేతులు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. వాళ్ళు ఉండగానే నేర్చుకోండి.